గోడ మీద మబ్బు

"తగిలిందా, లేదా? గోడా, నువ్వే చెప్పాలి."

పదిమంది పిల్లలు ఆట ఆపేసి గోడ వైపు చూస్తున్నారు. గోడ మీద కూర్చున్న పిల్ల మాత్రం ఆకాశం వైపు చూస్తోంది.

ఆ పిల్లను అందరూ మబ్బు అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ దానితో స్కూల్లో హాజరు వేసేటప్పుడు తప్ప ఎవరికీ పని పడదు. పాలగ్లాసు చేతికిస్తే చల్లారిపోయేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడుతుంది. ఒక చెప్పు వేసుకుని, రెండోది మరిచిపోయి మెట్లు దిగుతుంది. "మనిషి ఇక్కడ, మనసు మబ్బుల్లో" అని నానమ్మ ఒకసారి విసుక్కుంటే ఆ మాటే చివరికి పేరై కూర్చుంది.

ఆ సాయంత్రం గోడ వంతు మబ్బుది.

గోడ వంతు అంటే ఏమిటో ముందు చెప్పాలి. బస్సు డిపో వెనక, నీళ్ల ట్యాంకు పక్కన ఒక ఖాళీ స్థలం ఉంది. ఆ వీధి పిల్లలు అక్కడే ఫుట్‌బాల్ ఆడతారు. మొత్తం పదకొండు మంది. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు పోగా ఒకరు మిగిలిపోతారు. అలా మిగిలినవాళ్లు ముఖం మాడ్చుకోకుండా, ఎప్పుడో ఎవరో పెద్దపిల్లలు ఒక పద్ధతి పెట్టారు. మిగిలిన మనిషి డిపో గోడ ఎక్కి కూర్చోవాలి. ఆ రోజుకు రిఫరీ ఆ మనిషే. ఆట నడిచినంతసేపూ 'గోడ' అనే పిలవాలి. గోడ ఏం చెబితే అదే జరగాలి. గోడలకు చెవులుంటాయని పెద్దవాళ్లు అంటూంటారు కదా, ఈ వీధి గోడకు కళ్లు కూడా ఉంటాయన్నమాట.

షరతు ఒక్కటే. 'ఏమో, తెలీదు' అని గోడ అనకూడదు. అన్నదా, అటూ ఇటూ తేల్చని 'గోడ మీద పిల్లి' అని వారం రోజులు ఏడిపిస్తారు. ఎక్కడ కనబడినా మ్యావ్ అంటారు.

మబ్బుకు గోడ వంతంటే ప్రాణం. కాళ్లు ఊపుకుంటూ ఎంతసేపైనా ఆకాశం చూడవచ్చు. ఆ రోజు డిపో కప్పు మీదుగా పెద్ద తెల్లమబ్బు ఒకటి వచ్చింది. దాని నీడ స్థలం మీద మెల్లగా పాకుతోంది. పిల్లల మీదుగా, రాళ్ల మీదుగా, ఎవరికీ తగలకుండా, ఎవరినీ అడగకుండా జరుగుతోంది. ఆ నీడకు ఒక పక్కన చెవి లాంటిది పొడుచుకొచ్చి ఉంది. పైన మబ్బులో ఆ చెవి ఎక్కడుందా అని పిల్ల తల ఎత్తి వెతుకుతోంది. కింద రచ్చ మొదలైంది సరిగ్గా అప్పుడే.

గుండు అని అందరూ పిలిచే లావుపాటి పిల్లాడు కొట్టిన బంతి గోల్ ముందు నిలబడ్డ స్పోక్‌కు తగిలి పక్కకు పోయింది. చేతికి తగిలిందని గుండు అరుస్తున్నాడు. ఛాతీకి తగిలిందని స్పోక్ అంటున్నాడు. గోల్ ముందు చేతికి తగిలితే పెనాల్టీ. అంటే గుండు బంతిని దగ్గర్నుంచి కొడతాడు, గోల్‌కీపర్ తప్ప అడ్డం ఎవరూ ఉండరు. పొద్దు వాలుతోంది, ఆట అయిపోవచ్చింది, రెండు జట్లకూ గోల్స్ సమానం. ఆ ఒక్క మాట మీదే గెలుపు ఉంది.

మబ్బు కిందికి చూసింది. చూడలేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దానితోపాటే వారం రోజుల మ్యావ్‌లు చెవుల్లో మోగాయి. స్పోక్ చెయ్యి దులుపుకుంటున్నాడు. ఊరికే ఎవరైనా చెయ్యి దులుపుకుంటారా?

"తగిలింది," అంది మబ్బు. "నేను చూశాను."

గుండు పెనాల్టీ కొట్టాడు, గోలయింది. స్పోక్ జట్టు ఓడిపోయింది. స్పోక్ గోడ వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత గోల్ స్తంభంగా పెట్టిన తన బ్యాగు తీసుకుని, మట్టి దులిపి, ఇంటిదారి పట్టాడు.

స్పోక్ సైకిల్ షాపాయన కొడుకు. సైకిల్ పుల్లలా సన్నగా ఉంటాడు కాబట్టి ఆ పేరు. మబ్బువాళ్ల పక్కిల్లే. పొద్దున స్కూలుకు వెళ్లేటప్పుడు ఈ పిల్ల దారిలో ఎక్కడ నిలబడిపోతే వాడూ అక్కడే నిలబడేవాడు, పోదాం పద అని తొందరపెట్టేవాడు కాదు. మెట్ల దగ్గర మరిచిపోయిన రెండో చెప్పు తెచ్చిచ్చేది కూడా వాడే. అలాంటి స్నేహితుడు ఉండటం ఎంత అదృష్టమో మబ్బుకు అప్పటిదాకా తట్టలేదు.

మర్నాడు పొద్దున మబ్బు వీధి మలుపు దాకా ఒంటి చెప్పుతో నడిచింది. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. కాలికి రాయి గుచ్చుకున్నాక వెనక్కి తిరిగి, ఒక్కతే వెళ్లి తెచ్చుకుంది.

స్కూల్లో భోజనాల గంట కొట్టాక ఇదే గొడవ. బంతి చేతి దగ్గరికి వచ్చిందా, చెయ్యే బంతి దగ్గరికి వెళ్లిందా అని ఒకడు లాయరులా అడిగాడు. మోచేయి దాకానే చెయ్యి, పైనంతా భుజమే అని ఇంకొకడు. చొక్కా చెయ్యి ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా భుజం కిందే లెక్క అని మూడోవాడు తీర్పు చెప్పాడు. అలాగైతే పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చినవాడు బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తినా తప్పు లేదన్నమాట అని ఆడపిల్లలు నవ్వారు. నవ్వులు అయ్యాక అందరూ మబ్బు దగ్గరికే వచ్చారు. చూసింది తనే కదా.

మొదటిసారి అడిగితే తగిలింది అని మాత్రమే చెప్పింది. రెండోసారి కుడిచేతికి అంది. ఇంకోసారి ఎవరో అడిగేసరికి, వేళ్లు విప్పి బంతికి అడ్డం పెట్టాడని చెప్పింది. చిలవలు పలవలు చేర్చాలని ఆ పిల్ల అనుకోలేదు. చెబుతుంటే నిజంగానే కళ్ల ముందు కనబడింది. సాయంకాలపు పచ్చటి ఎండ, తేలుతూ వస్తున్న బంతి, మెల్లగా నీళ్లలో కదిలినట్టు లేచిన చెయ్యి. ఎంత అందంగా ఉందంటే దాన్ని మళ్లీ మళ్లీ చూడాలనిపించేది. కళ్లు మూసుకుంటే చాలు, వచ్చేది.

స్పోక్ పేరు మారిపోయింది. గుండు మొదలుపెట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. 'ఏరా చెయ్యీ' అని పిలవడం, వాడు పక్కనుంచి పోతుంటే 'బంతులు దాచుకోండిరా' అనడం.

ఆ సాయంత్రం స్పోక్ రెండు చేతులూ నిక్కరు జేబుల్లో పెట్టుకుని ఆడాడు. చేతులు ఊపకుండా పరిగెత్తడం ఎంత కష్టమో మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి. మలుపు తిరగబోయి, జేబుల్లోంచి చేతులు తీసే లోపలే గడ్డం నేలకు కొట్టుకుని పడ్డాడు. లేచి, చేతులు మళ్లీ జేబుల్లో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఆటకు రావడం మానేశాడు.

వాడు లేకపోయేసరికి పిల్లలు పదిమందే మిగిలారు. అయిదుగురూ అయిదుగురూ సరిపోయారు, గోడ మీద కూర్చునేందుకు మనిషి లేడు. ఆడేది తక్కువ, అరుచుకునేది ఎక్కువ అయింది. మబ్బు ఆడుతున్నంతసేపూ సైకిల్ షాపు వైపే చూస్తూ, వచ్చిన బంతినల్లా వదిలేసి తిట్లు తింది. స్పోక్ మళ్లీ రావాలి. ఆ పిల్లకు అంతకుమించి ఏ కోరికా లేదు. ఎలా రప్పించాలో మాత్రం తెలియలేదు. తను చూసింది చెప్పింది, అందులో తన తప్పేముంది?

శనివారం సాయంత్రం ఇంట్లో టీవీలో మ్యాచ్ వస్తోంది. నాన్న డిపోలో బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నానమ్మ పక్కన కుర్చీలో ఉంది. అమ్మ వెనక గదిలో కర్టెన్లు కుడుతోంది, మిషను చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది.

టీవీలో ఒకడు గోల్ ముందు పడ్డాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. వాడు కావాలనే పడ్డాడని నాన్న, ఎవరైనా కావాలని పడతారా అని నానమ్మ. నానమ్మకు ఏ జట్టు ఎటు ఆడుతోందో తెలియదు. ఎవరు పడితే వాళ్ల పక్షం.

"పడ్డవాడు ఎప్పుడూ చెడ్డవాడు కాదురా," అంది నానమ్మ.

ఆ సామెత ఫుట్‌బాల్ కోసం పుట్టలేదని నాన్న మొత్తుకున్నాడు. టీవీవాళ్లు అదే ముక్కను మళ్లీ మళ్లీ వేశారు. పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, గోల్ వెనక నుంచి వలలోంచి ఒకసారి, మెల్లగా, ఇంకా మెల్లగా. అన్ని పక్కలనుంచి చూసినా నాన్న మాట నాన్నది, నానమ్మ మాట నానమ్మది.

"మాకూ ఇలాగే అయింది నానమ్మా," అంటూ మబ్బు కుర్చీ పక్కన చేరి తన కథ మొదలుపెట్టింది. ఈసారి ఎప్పటికంటే బాగా వచ్చింది. బంతి ఎలా తేలుతూ వచ్చిందీ, చెయ్యి ఎలా లేచిందీ, వేళ్లు ఎలా విచ్చుకున్నదీ, అన్నీ చేతులతో చేసి చూపించింది.

"అప్పుడు బంతి పక్కకు పోయి వలకు కొట్టుకుంది. తెల్లటి వల ఇలా, అలలా ఊగింది."

నానమ్మ ముచ్చటగా విని అడిగింది. "వల ఎప్పుడు కొన్నారే మీరు?"

"కొనలేదు. బ్యాగులే పెడతాం, అటొకటి ఇటొకటి."

"మరి ఊగిందేమిటి?"

నానమ్మ ఊరికే అడిగింది. అడిగి మళ్లీ టీవీ వైపు తిరిగిపోయింది, అక్కడ ఇంకెవరో పడ్డారు మరి. మబ్బు మాత్రం చూపించడానికి ఎత్తిన చేతులు దించడం మరిచిపోయి అలాగే ఉండిపోయింది.

వల లేదు. వాళ్ల స్థలంలో ఎప్పుడూ వల లేదు. అయినా తను ఆ వలలోంచే చూసింది. గోల్ వెనక నుంచి చూసింది. గోడ ఉన్నదేమో పక్కన, నీళ్ల ట్యాంకు ఎదురుగా.

మబ్బు కళ్లు మూసుకుని ఆ వలను తీసేయాలని చూసింది. అల్లిన స్వెటరులో ఒక దారం లాగితే వరసలన్నీ ఊడివచ్చినట్టు, వలతోపాటే వేళ్లు పోయాయి, చెయ్యి పోయింది, పచ్చటి ఎండా పోయింది. అన్నీ పోయాక మిగిలింది ఒక్కటే. నేల మీద మెల్లగా జరుగుతున్న నీడ. దానికో చెవి.

అది మాత్రమే నిజంగా చూసింది.

ఆ రాత్రి ఆ పిల్లకు అన్నం సయించలేదు. ఒంట్లో బాగాలేదా అని అమ్మ నుదురు పట్టుకు చూసింది.

ఆదివారం పొద్దున మబ్బు సైకిల్ షాపుకు వెళ్లింది. షాపు నిండా రబ్బరు వాసన. పంక్చరు వేస్తున్న షాపాయన తల ఎత్తి, "రా తల్లీ, వాడు లోపలున్నాడు," అన్నాడు. స్పోక్ స్టూలు మీద కూర్చుని ఒక చక్రాన్ని తిప్పుతూ, అది ఎక్కడ వంకర పోతోందో చూస్తున్నాడు. గడ్డం మీద ప్లాస్టరు ఉంది.

మబ్బు చాలాసేపు ఆ చక్రాన్నే చూసింది. పుల్లలన్నీ కలిసిపోయి పొగలా కనబడ్డాయి.

"ఆ రోజు నేను చూడలేదు," అంది చివరికి.

"నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"నువ్వు పైకి చూస్తున్నావు. బంతి తగలగానే నేను మొదట నీ వైపే చూశాను." చక్రం ఆగిపోయింది. స్పోక్ దాన్ని మళ్లీ తిప్పలేదు.

"మరి అందరితో చెప్పలేదేం?"

"నేను చెబితే ఎవరు నమ్ముతారు? నువ్వే చెబుతావనుకున్నాను. మర్నాడు చెబుతావనుకున్నాను. ఆ తర్వాతి రోజు కూడా."

ఈ మాటకు మబ్బు ఏడ్చేసింది. షాపాయన పంపు కొట్టడం ఆపి, ఏమీ విననట్టు మళ్లీ మొదలుపెట్టాడు. స్పోక్ తన జేబులోంచి గ్రీజు మరకల గుడ్డ తీసి ఇచ్చాడు. దానితో తుడుచుకునేసరికి మబ్బు ముఖం నిజంగానే వాన మబ్బులా అయింది. అది చూసి ఇద్దరికీ కాస్త నవ్వు వచ్చింది గానీ, స్పోక్ ఆటకు వస్తానని మాత్రం అనలేదు.

సాయంత్రం అందరూ చేరాక మబ్బు గోడ ఎక్కింది. ఆ రోజు గోడ అవసరమే లేదు. ఎందుకు ఎక్కావే అని గుండు అడిగాడు. మబ్బు గోడ అంచును రెండు చేతులతో పట్టుకుంది. తను చూడలేదని, చూశానని చెప్పిందని, వేళ్లూ ఎండా అన్నీ తర్వాత వచ్చి చేరాయని, స్పోక్ చేతికి తగిలిందో లేదో తనకు ఇప్పటికీ తెలియదని చెప్పింది. గోడ ఎక్కి చెప్పిన మాటను గోడ ఎక్కే వెనక్కి తీసుకోవాలనిపించింది ఆ పిల్లకు.

 మొదట గుండు మ్యావ్ అన్నాడు. మిగతావాళ్లూ అన్నారు. ఆ వారమంతా మెట్ల మీద, క్లాసులో, నీళ్ల కుళాయి దగ్గర మ్యావ్‌లే. మబ్బు భయపడినంత బాధగానే ఉంది, అబద్ధం ఎందుకు? కానీ రెండో రోజున వీధి మలుపులో వెనక నుంచి ఎవరో పిలిచారు. స్పోక్ చేతిలో చెప్పు ఉంది.

వాడు ఆటకు వచ్చాడు. చేతులు మాత్రం ఇంకా జేబుల్లోనే ఉన్నాయి.

వంతులు తిరిగి మళ్లీ మబ్బు వరకు వచ్చాయి. ఈ పిల్లకు గోడ ఇవ్వొద్దని గుండు గట్టిగా అన్నాడు. ఇస్తే మేఘాలకు పెనాల్టీ ఇస్తుందన్నాడు. అందరూ నవ్వారు. "వంతు వంతే," అన్నాడు స్పోక్. గుండు బంతి తీసుకున్నాడు.

ఆ రోజు మబ్బు ఆకాశం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బంతి ఎటు పోతే కళ్లు అటే. అయినా ఏం లాభం? ఆట చివరిలో, గోల్స్ సమానంగా ఉండగా, స్పోక్ గోల్ ముందు నలుగురైదుగురు ఒకరి మీద ఒకరు పడ్డారు, దుమ్ము లేచింది, సరిగ్గా అప్పుడే గుండు వీపు అడ్డం వచ్చింది. ఆ వీపు పక్కనుంచి చూడటమంటే బీరువా పక్కనుంచి చూడటమే. బంతి ఎగిరి బయట పడింది.

"చెయ్యి! వీడి చెయ్యే!" అన్నారు గుండు జట్టువాళ్లు.

అందరూ గోడ వైపు తిరిగారు. స్పోక్ కూడా.

తగల్లేదు అంటే చాలు. ఒక్క మాట. ఆ రోజు చేసిన అన్యాయం ఈ రోజుతో సరిపోతుంది, స్పోక్ ఓడిపోడు, ఎవరికీ తెలియదు. మబ్బుకు ఆ మాట అనాలని ఎంతగానో అనిపించింది. అనుకుంటుండగానే కళ్ల ముందు ఒక చిత్రం కూడా వచ్చేస్తోంది, బంతి స్పోక్ మోకాలికి తగిలి ఎగిరినట్టు, ఎంతో చక్కగా. మబ్బు కళ్లు గట్టిగా మూసి తెరిచింది.

"నేను చూడలేదు," అంది. "చూస్తూనే ఉన్నాను గానీ గుండు వీపు అడ్డం వచ్చింది."

ఎవరో మ్యావ్ అనబోయారు. సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే స్పోక్ చెయ్యి పైకి ఎత్తాడు.

"తగిలింది," అన్నాడు. "నేను పడబోతూ జేబులోంచి చెయ్యి తీశాను, దానికి తగిలింది. ఇదిగో." మణికట్టు దగ్గర ఎర్రగా కమిలి ఉంది.

గుండు నోరు తెరిచాడు. "అయితే ఆ రోజు నువ్వు ఛాతీ అన్నది..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. మిగతా సగం ఎవరూ అడగలేదు, అందరికీ అర్థమైపోయింది. గుండు బంతిని కాసేపు కాలి కింద దొర్లించాడు. తర్వాత పెనాల్టీ కొట్టాడు, గోలయింది, స్పోక్ జట్టు మళ్లీ ఓడింది. చెయ్యీ అని మాత్రం ఎవరూ పిలవలేదు.

ఇంకా కాస్త ఎండ ఉంది. ఇంకో ఆట అన్నారు. మొదలుపెట్టేసరికి డిపో కప్పు మీదుగా తెల్లమబ్బు ఒకటి తొంగిచూసింది. దాని నీడ నీళ్ల ట్యాంకు దిగి, మెల్లగా స్థలంలోకి అడుగుపెట్టింది. మబ్బు చూపు పైకి జారింది. వెంటనే ఆ పిల్ల చెయ్యి ఎత్తి గట్టిగా చెప్పింది.

"ఆట ఆపండి. గోడ ఒక్క నిమిషం ఆకాశం చూడాలి."

ఇదెక్కడి రూలు అని గుండు సణిగాడు. కానీ గోడ ఏం చెబితే అదే జరగాలి. బంతి కాళ్ల దగ్గర ఆగింది. పనేం లేక గుండు కూడా తల ఎత్తాడు. ఒకరిని చూసి ఒకరు అందరూ ఎత్తారు. నీడ వాళ్ల మీదుగా చల్లగా జరిగిపోతోంది.

"అదిగో, చెవి ఉంది చూడు," అన్నాడు స్పోక్. ఎండ పడకుండా ఒక చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో చూపిస్తున్నాడు.